అన్నవాహిక సిరలు: ఉబ్బు, బిగువు, చిట్లడం

అన్నవాహిక జీర్ణాశయంతో కలిసేచోట, రెండు మూడు సెంటీమీటర్ల మేర, సన్నని సిరలు పక్కపక్కనే నిలువుగా సాగుతాయి. మిగతా చోట్ల లోతుగా ఉండే ఈ సిరలు ఇక్కడ లోపలి పొరకు ఆనుకుని ఉంటాయి. చుట్టూ ఆసరా తక్కువ. 1987లో వియానా పరిశోధక బృందం రెసిన్ అచ్చులు తీసి ఈ అమరికను వివరించింది.

కాలేయం గట్టిపడితే, దానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలోని రక్తం దారి మళ్లి ఈ సిరల్లోకి ఎక్కుతుంది. పోర్టల్ సిరకూ, కాలేయం నుంచి బయటికి వెళ్లే సిరలకూ మధ్య ఒత్తిడి తేడా మామూలుగా 5 మి.మీ. పాదరసం దాటదు. 10కి చేరితే సిరలు ఉబ్బే అవకాశం ఉంది; 12 దాటితే చిట్లే ప్రమాదం మొదలవుతుంది.

చిట్లడానికి ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. లాప్లాస్ సూత్రం ప్రకారం సిర వెడల్పయ్యేకొద్దీ, గోడ పల్చబడేకొద్దీ దాని మీద బిగువు పెరుగుతుంది. సైకిల్ ట్యూబు పల్చబడిన చోటే బుడగ లేచి పేలుతుంది కదా, ఇదీ అంతే. 1986లో పోలియో, గ్రోస్‌మన్ అనే పరిశోధకులు ఈ లెక్కను అన్నవాహిక సిరలకు వర్తింపజేశారు. ఎండోస్కోపీలో నీలి ఉబ్బుల మీద ఎర్రటి చారలు కనిపిస్తే గోడ బాగా పల్చబడినట్టే.

కాలేయం గట్టిపడడానికి మద్యం ఒక్కటే కారణం కాదు. ఉదాహరణకు, మద్యం నిషేధం ఉన్న కువైట్‌లోనూ ఈ జబ్బుకు కారణాలు లేకపోలేదు. ఊబకాయం ఎక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. ఊబకాయం వెంటే కొవ్వు కాలేయం వస్తుంది. హెపటైటిస్ వైరస్‌లు సరేసరి. మంచినీటి నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా ఆ ఎడారి నేలలో పుట్టే జబ్బు కాదు. ఈజిప్టు లాంటి దేశాల నుంచి వలస వచ్చినవారిలో కనిపించేది. ఆ జబ్బు తెచ్చే పురుగు గుడ్లు కాలేయంలోని పోర్టల్ కొమ్మల్లో ఇరుక్కుని మచ్చ కడతాయి. కాలేయ కణాలు చాలావరకు బాగానే పనిచేస్తున్నా సిరలు మాత్రం ఉబ్బుతాయి.

చికిత్స చరిత్ర 1939లో స్వీడన్‌లో మలుపు తిరిగింది. క్రాఫోర్డ్, ఫ్రెంక్నర్ అనే వైద్యులు గట్టి గొట్టంలోంచి చూస్తూ సిరలోకి మందు ఎక్కించి దాన్ని మూసేశారు. 1950లో రక్తస్రావాన్ని లోపలినుంచి నొక్కిపట్టే సెంగ్‌స్టేకెన్-బ్లేక్‌మోర్ బెలూన్ గొట్టం వచ్చింది. 1980 దశకం ఆరంభంలో ఫ్రాన్స్‌లో లెబ్రెక్ బృందం ప్రొప్రనొలాల్ మాత్రతో మళ్లీ రక్తస్రావం కావడాన్ని తగ్గించవచ్చని చూపింది. అదే దశకంలో అమెరికాలో స్టీగ్‌మన్ రబ్బరు బ్యాండ్ పద్ధతి తెచ్చాడు: ఉబ్బిన సిరను ఎండోస్కోప్ కొసన ఉన్న చిన్న డొప్పలోకి పీల్చి, దాని మొదలు చుట్టూ బ్యాండ్ బిగిస్తారు. కొద్ది రోజుల్లో ఆ భాగం ఎండి రాలిపోతుంది, చిన్న పుండు మిగిలి మానుతుంది.

2015 నాటి బవేనో-6 నిపుణుల సిఫార్సులు ఎండోస్కోపీ అవసరాన్నే కొంత తగ్గించాయి. కాలేయ జబ్బు ముదిరినా లక్షణాలు బయటపడనివారిలో, ఫైబ్రోస్కాన్‌లో కాలేయం గట్టిదనం 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే ప్రమాదకర సిరల కోసం వెతకనక్కర్లేదు.