ఎన్నికల వ్యయ పరిమితి: ధరల పెరుగుదలకు తగ్గట్టు సవరణ ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయిలో ఉన్న స్మృతి నగర్ దుర్గ్ లోక్‌సభ స్థానం పరిధిలోకి వస్తుంది. అక్కడ పోటీ చేసిన అభ్యర్థి 2019లో రూ. 70 లక్షలకు మించి ఖర్చు చేయరాదు. 2024 నాటికి ఆ పరిమితి రూ. 95 లక్షలైంది. ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ అభ్యర్థులకు 2018లో రూ. 28 లక్షలుగా ఉన్న పరిమితి 2023లో రూ. 40 లక్షలకు చేరింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకూ ఇవే అంకెలు వర్తిస్తాయి.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 77వ సెక్షన్ ఈ పరిమితికి ఆధారం. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 90వ నియమం మొత్తాన్ని నిర్దేశిస్తుంది. ధరలు పెరిగినప్పుడల్లా పరిమితి దానంతటదే పెరిగే ఏర్పాటు ఇందులో లేదు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ పరిమితి 2011లో రూ. 25 లక్షల నుంచి 40 లక్షలకు, 2014లో 70 లక్షలకు పెరిగింది. కొవిడ్ కారణంగా 2020 అక్టోబరులో 10 శాతం పెంచారు. ఆ తర్వాత ఎన్నికల సంఘం నియమించిన హరీశ్ కుమార్ కమిటీ సిఫార్సులతో 2022 జనవరిలో ప్రస్తుత పరిమితులు వచ్చాయి.

కమిటీ ప్రధానంగా రెండు అంశాలు చూసింది. 2014 నుంచి 2021 వరకు ఓటర్లు 83.4 కోట్ల నుంచి 93.6 కోట్లకు పెరిగారు. వ్యయ ద్రవ్యోల్బణ సూచీ 240 నుంచి 317కు, అంటే 32.08 శాతం పెరిగింది. సూచీ ప్రకారమే లెక్కిస్తే రూ. 70 లక్షలు దాదాపు 92.5 లక్షలవుతాయి. అయితే ఈ సూచీ ఎన్నికల కోసం పుట్టినది కాదు. మూలధన లాభాలపై ఆదాయపు పన్ను లెక్కకు ఉద్దేశించినది. పట్టణ వినియోగదారుల ధరల పెరుగుదలలో 75 శాతాన్నే అది పరిగణిస్తుంది. డీజిల్, షామియానా, మైకు అద్దెల అసలు భారం అందులో కనిపించదు. 2024-25లో సూచీ 363. ఆ లెక్కన రూ. 95 లక్షలు సుమారు రూ. 1.09 కోట్లవుతాయి.

ధరల కంటే పెద్ద తేడా ఓటర్ల సంఖ్యలో ఉంది. 2024లో మల్కాజ్‌గిరిలో ఓటర్లు 37 లక్షలకు పైనే. అక్కడ ఒక్కో ఓటరుకు చట్టం అనుమతించిన ఖర్చు సుమారు రూ. 2.50. దాదాపు 58 వేల ఓటర్లున్న లక్షద్వీప్‌లో పరిమితి రూ. 75 లక్షలు, తలసరి లెక్క దాదాపు రూ. 130. ద్రవ్యోల్బణ సవరణ ఒక్కటే ఈ అసమానతను తీర్చదు.

పార్టీల ఖర్చుకు అసలు పరిమితే లేదు. అభ్యర్థికి తెలిసి పార్టీ చేసిన వ్యయాన్నీ అతని ఖాతాలోనే వేయాలని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అదే ఏడాది చట్ట సవరణతో దాని ప్రభావాన్ని తొలగించారు. 2003 సవరణ తర్వాత మినహాయింపు కుదించుకుపోయినా, స్టార్ ప్రచారకుల ప్రయాణ ఖర్చు నేటికీ అభ్యర్థి లెక్కలోకి రాదు.

స్థానిక ఎన్నికల పరిమితులు రాష్ట్రాల పరిధిలోనివి. తెలంగాణలో 5 వేలకు పైబడిన జనాభా గల గ్రామాల్లో సర్పంచ్ అభ్యర్థికి 2019లోనూ, 2025లోనూ రూ. 2.5 లక్షలే.

కెనడాలో పరిమితులు ద్రవ్యోల్బణ గుణకం ప్రకారం ఏటా మారతాయి. బ్రిటన్ మాత్రం పార్టీల వ్యయ పరిమితిని ఏళ్ల తరబడి కదపక, 2023లో నియోజకవర్గానికి 30,000 పౌండ్ల నుంచి 54,010 పౌండ్లకు ఒక్కసారిగా పెంచింది.

భారత్‌లో ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా అభ్యర్థి లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి సమర్పించాలి. సరైన కారణం లేకుండా విఫలమైతే 10ఎ సెక్షన్ కింద మూడేళ్లపాటు అనర్హత విధించవచ్చు.