మూడవ పాదం: వార్ధక్య పరిచర్యా చరిత్రలో కుటుంబ పరిచారకుల స్థానం

ప్రవేశిక

వృద్ధాప్యంలో మతికి కలిగే మార్పులను చెప్పడానికి తెలుగు వ్యవహారంలో మాటల కొరత లేదు. చెప్పిన సంగతినే మళ్ళీ మళ్ళీ చెప్పే పెద్దవారిది "చాదస్తం". వేళ, దారి, మనిషి గుర్తు లేకపోతే "ముదిమది తప్పింది" అంటారు. ఈ రెండూ వర్ణించడంతో ఆగక తీర్పు కూడా చెబుతాయి. ఛాందస శబ్దం నుంచి వచ్చిన "చాదస్తం" ఒకప్పుడు వేదపాఠకుని పట్టుదలను సూచించి, క్రమంగా వృద్ధుల స్వభావానికి పేరైంది. "ముదిమది" అనే మాటలో వయస్సూ మనస్సూ ఒకే సమాసంగా కలిసిపోయాయి. మొదటి మాట ప్రకారం ఆ మార్పు స్వభావం. రెండో మాట ప్రకారం వయోధర్మం. ఏ మాట ప్రకారమూ అది వ్యాధి కాదు.

ఈ స్థితిని వ్యాధిగా గుర్తించడానికి వైద్యశాస్త్రానికి చాలాకాలం పట్టింది. ఆ చరిత్రలో వైద్యుడు, రోగి, ఔషధం, ఆసుపత్రి కనిపిస్తారు గాని, రోగికి స్నానం చేయించి, అన్నం తినిపించి, రాత్రిళ్ళు తలుపు దగ్గర కాపలా పడుకున్న మనిషి అరుదుగా కనిపిస్తారు. ప్రాచీన వైద్యగ్రంథాలు, భారత కథలు, వలస పాలన నాటి చట్టాలు, ఆధునిక వైద్యం, నేటి శాసనాలు అనే వరుసలో ఆ పరిచారకుల స్థానం ఎలా మారిందో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

వైద్యగ్రంథాలలో జర

ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో రసాయనతంత్రం ఒకటి. వాగ్భటుని అష్టాంగహృదయం ఈ అంగాన్ని "జర" అనే పేరుతోనే లెక్కిస్తుంది. వార్ధక్యానికి ప్రత్యేక శాఖను కేటాయించిన ఈ సంప్రదాయమే దాన్ని పూర్తిగా వ్యాధి అనడానికి సంకోచించింది. సుశ్రుత సంహిత ఆకలి, దప్పిక, నిద్ర, మృత్యువులతో పాటు జరను కూడా స్వభావ బలం వల్ల కలిగే వాటిలో చేర్చింది. అంటే జర బాధే, కాని ప్రకృతి సిద్ధమైన బాధ.

చరక సంహిత చికిత్సాస్థానం రసాయన ప్రకరణంతోనే మొదలవుతుంది. అందులో చెప్పిన కుటీప్రావేశిక విధానంలో ప్రత్యేకంగా కట్టిన కుటిలో నియమంతో ఉండాలి. సమర్థులు, ఆరోగ్యవంతులు, తీరిక, సంపద, సహాయజనం గలవారు దానికి అర్హులు. తక్కినవారికి వాతాతపిక విధానం ఉంది. ఉత్తమమైన వార్ధక్య చికిత్స అప్పటికే కలవారి సొత్తు అన్నమాట. పైగా రసాయనం ప్రధానంగా ముదిమిని వాయిదా వేయడానికి ఉద్దేశించినది. మతి తప్పిన వృద్ధుని రోజువారీ సంరక్షణ దాని పరిధిలోకి పెద్దగా రాదు.

ఆ లోటును మరో చోట చరకుడే కొంత పూరించాడు. చికిత్సకు నాలుగు పాదాలు: వైద్యుడు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. మూడవ పాదమైన ఉపస్థాత అంటే పరిచారకుడు. అతనికి ఉపచార జ్ఞానం, దక్షత, రోగిపై అనురాగం, శుచి అనే నాలుగు గుణాలు ఉండాలి. ఈ జాబితాలో అనురాగంతో పాటు జ్ఞానం కూడా ఉండటం గమనార్హం. పరిచర్య ప్రేమతో దానంతట అదే వచ్చేది కాదు, నేర్చుకోవలసిన పని అన్న గుర్తింపు ఇందులో ఉంది. తరువాతి కాలంలో ప్రేమ కుటుంబానికి మిగిలింది. జ్ఞానం ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

భారత కథలలో వృద్ధుల మనోవేదన

వార్ధక్యం అనగానే పితృభక్తి కథలు స్ఫురించడం సహజం. తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుడు, వృద్ధులైన తల్లిదండ్రులే తన దైవాలని కౌశికునికి చూపిన ధర్మవ్యాధుడు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. ఈ కథలు ధర్మాన్ని చెబుతాయి గాని పరిచర్యలోని కష్టాన్ని చెప్పవు. ఆ కష్టం ఆదర్శానికి ఎదురు నిలిచిన పాత్రల మాటల్లో కనిపిస్తుంది.

ఆదిపర్వంలోని యయాతి ఉపాఖ్యానం దీనికి నిదర్శనం. శుక్రుని శాపంతో వచ్చిన ముదిమిని స్వీకరించమని యయాతి కొడుకులను అడుగుతాడు. నలుగురు నిరాకరిస్తారు. వారు చూపిన కారణాలు సంస్కృత మూలంలో స్పష్టంగా ఉన్నాయి. జర బలాన్ని, రూపాన్నే కాక బుద్ధిని కూడా హరిస్తుందని తుర్వసుడు అంటాడు. వృద్ధుడు వేళాపాళా లేకుండా పసివానిలా తింటాడని, శుచి తప్పుతాడని అనువు అంటాడు. ఇది ఇంట్లో వృద్ధులను దగ్గరగా చూసినవారు చెప్పే మాట. ఆ ముదిమిని చివరకు పిన్నవాడైన పూరుడు స్వీకరిస్తాడు. వార్ధక్య భారం కుటుంబంలో ఎవరో ఒకరి మీదే పడుతుందని, తక్కినవారికి కారణాలు సిద్ధంగా ఉంటాయని ఈ కథ చెప్పకనే చెబుతుంది.

ఆశ్రమవాసపర్వంలోని ధృతరాష్ట్రుని కథ ఇంకా లోతైనది. యుద్ధానంతరం అతడు పదిహేనేళ్ళు ధర్మరాజు సంరక్షణలో ఉన్నాడు. అన్నపానాలకు, వస్త్రాభరణాలకు, దానధర్మాలకు లోటు లేదు. కుంతీ ద్రౌపదులు గాంధారిని సేవించారు. అయినా భీముడు ధర్మరాజుకు తెలియకుండా, ముసలి దంపతులకు వినబడేలా, వారి కొడుకులను చంపినది తన ఈ బాహువులేనని భుజాలు చరుచుకుంటాడు. ధృతరాష్ట్రుడు ఆహారం తగ్గించి, కృశించి, చివరకు అడవికి పోతానంటాడు. ఆధునిక పరిభాషలో ఇది వృద్ధుల పట్ల మానసిక హింస. పోషణ వేరు, ఆదరణ వేరు అన్న భేదాన్ని ఈ పర్వం స్పష్టం చేసింది. ఆ భేదాన్ని చట్టం నేటికీ పూర్తిగా పట్టుకోలేదు.

వలస పాలన: చట్టం చూసిన కుటుంబం

1858 నాటి పిచ్చాసుపత్రుల చట్టం ప్రధానంగా వీధుల్లో తిరుగాడే, లేదా ప్రమాదకరులని భావించిన మనోరోగుల కోసం రూపొందింది. తెలుగు ప్రాంతంలో విశాఖపట్నపు మానసిక చికిత్సాలయానికి మూలమైన ఆశ్రయం 1871లో ఏర్పడింది. ఇంటి అరుగు మీద కూర్చుని కొడుకు పేరు మరచిపోయిన ముసలివారు ఈ చట్టం దృష్టిలో తిరుగాడేవారూ కారు, ప్రమాదకరులూ కారు. అందువల్ల వారు ఆశ్రయానికీ, ఆ కాలపు పాలనా దస్త్రాలకూ వెలుపలే ఉండిపోయారు.

1912 నాటి ఉన్మాద చట్టంలో కుటుంబం ప్రస్తావనకు వచ్చింది. బంధువులు క్రూరంగా చూసినా, పట్టించుకోకపోయినా మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చు. ఇక్కడ కుటుంబం ముద్దాయి స్థానంలో కనిపించింది. అలసిపోయిన కుటుంబానికి సహాయం చేయాలన్న ఊహ ఆ చట్టానికి లేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ భార్యకు, పిల్లలకు మనోవర్తి ఇప్పించింది గాని తల్లిదండ్రులను పేర్కొనలేదు. ఉమ్మడి కుటుంబం చూసుకుంటుందన్న నమ్మకం ఆ మౌనానికి ఒక కారణం కావచ్చు.

ముసలితనం నుంచి వ్యాధి దాకా

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో 51 ఏళ్ళ మహిళను ఆమె భర్త చేర్పించాడు. ఆమె మరపును, భయాలను, మాట తడబాటును అలోయిస్ ఆల్జైమర్ నమోదు చేశాడు. ఆమె మరణించాక మెదడును పరీక్షించి, 1906 నవంబరు 3న ట్యూబింగెన్ సభలో ఫలితాలు ప్రకటించాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన గ్రంథంలో ఆ వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టాడు.

ఈ నామకరణం వృద్ధులకు వెంటనే మేలు చేయలేదు. రోగి వయస్సు 51 కావడంతో అది నడివయస్సులో వచ్చే అరుదైన వ్యాధిగా స్థిరపడింది. డెబ్బయ్యవ ఏట అవే లక్షణాలు వస్తే అది మునుపటిలాగే ముసలితనం. 1960లలో న్యూకాజిల్ పరిశోధకులు వృద్ధుల మెదళ్ళలోని మార్పులకూ వారి మతి క్షీణతకూ సంబంధం చూపారు. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ ఈ వయోభేదం అర్థరహితమని, రెండూ ఒకే వ్యాధి అని వాదించాడు. దాంతో అరుదనుకున్న వ్యాధి అతి సాధారణ వ్యాధులలో ఒకటైంది. "ముదిమది" అనే సమాసాన్ని వైద్యశాస్త్రం విడదీసినది అప్పుడే.

దీనికి సమాంతరంగా వృద్ధవైద్యం వేరు శాఖగా రూపొందింది. 1909లో ఇగ్నాజ్ నాషర్ "జీరియాట్రిక్స్" అనే మాటను సృష్టించాడు. 1935 నుంచి లండన్ శివారులోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్, ఇక నయం కారని మంచాలకు వదిలేసిన వృద్ధులను ఒక్కొక్కరినీ పరీక్షించి, చాలామందిని నడిపించి ఇంటికి పంపగలిగింది. 1980లో స్టీవెన్ జారిట్ బృందం పరిచారకుల భారాన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించింది. రోగి జ్ఞాపకశక్తితో పాటు పరిచారకుల అలసట కూడా వైద్యుడు అడగవలసిన ప్రశ్న అయింది. మూడవ పాదం ఆ విధంగా వైద్యంలోకి తిరిగి వచ్చింది.

భారతదేశంలో

దేశంలో వృద్ధవైద్యానికి తొలి కేంద్రం మద్రాసు. 1978లో అక్కడి ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో వి.ఎస్. నటరాజన్ ఆధ్వర్యంలో ప్రత్యేక విభాగం మొదలైంది. 1996లో మద్రాసు వైద్య కళాశాలలో ఎం.డి. స్థాయి చదువు వచ్చింది. 1992లో కేరళ కేంద్రంగా ఆల్జైమర్స్ సంఘం ఏర్పడింది. 2010-11లో కేంద్ర ప్రభుత్వం వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించింది.

ఇళ్ళలోని స్థితిని వెలికితీసినవి క్షేత్ర పరిశోధనలు. కేరళలోని త్రిస్సూరు ప్రాంతంలో కె.ఎస్. షాజీ బృందం చేసిన అధ్యయనంలో పరిచారకులలో ఎక్కువమంది స్త్రీలు. రోగి ప్రవర్తనను చాలా కుటుంబాలు వయోధర్మంగానో, కావాలని చేసే మొండితనంగానో భావించాయి. వ్యాధి అని తెలియకపోతే కోపం రోగి మీదికి పోతుంది. సేవ సరిగా లేదన్న నింద పరిచారిక మీదికి పోతుంది. 2008లో గోవా పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. 81 కుటుంబాలను ఎంచుకుని, స్థానికంగా శిక్షణ పొందిన సలహాదారులు ఇళ్ళకు వెళ్ళి వ్యాధి గురించి వివరించడం, రోగి ప్రవర్తనతో వేగే పద్ధతులు నేర్పడం వంటివి చేశారు. పరిచారకుల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. ఉపచార జ్ఞానం నేర్పదగినదన్న చరకుని భావనకు ఇది ఆధునిక సమర్థన.

ఈ చరిత్రలో తెలుగు భాషకు నేరుగా సంబంధించిన ఘట్టం హైదరాబాదులో ఉంది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించడం విశేషం. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన నగర జీవనం వల్లనే ఈ పరిశీలన సాధ్యమైంది. పరీక్షా పత్రాల విషయంలోనూ భాష కీలకం. ఒక వాక్యం రాయమని, తేదీ చెప్పమని అడిగే పాశ్చాత్య పరీక్ష, బడికి పోని వృద్ధురాలి నిరక్షరాస్యతను మతి లోపంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. అందుకే తెలుగులో పరీక్షలను రూపొందించడం అనువాదం కన్నా పెద్ద పని. అది తెలుగు పరిశోధకుల సహకారం కోరే పని కూడా.

శాసనం: పోషణా, పరిచర్యా?

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధ తల్లిదండ్రుల పోషణను కొడుకులకూ కూతుళ్ళకూ బాధ్యతగా విధించింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ అన్ని మతాల తల్లిదండ్రులకు ఆ హక్కును విస్తరించింది. పెళ్ళయిన కూతురికి కూడా ఆ బాధ్యత ఉంటుందని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. 2007 నాటి చట్టం ప్రత్యేక ట్రిబ్యునళ్ళను ఏర్పరచి, నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల మనోవర్తిని, వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల దాకా జైలు శిక్షను నిర్దేశించింది.

నిరాధారులైన వృద్ధులకు ఈ చట్టం నిజమైన రక్ష. కాని దీని ఊహాచిత్రంలో కుటుంబం ఇప్పటికీ బాకీదారే. చట్టంలోని "సంతానం" అనే నిర్వచనంలో కోడలు లేదు. ఇళ్ళలో పరిచర్య చేసేవారిలో కోడళ్ళు తక్కువేమీ కారు. 2019లో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు కోడళ్ళను, అల్లుళ్ళను ఆ నిర్వచనంలో చేర్చదలచింది. అంటే కోడలు గుర్తింపు పొందబోయినది బాధ్యురాలిగానే గాని, సహాయానికి అర్హురాలిగా కాదు. మరోవైపు ఈ చట్టాన్ని సాధనంగా చేసుకుని కోడలిని ఇంటి నుంచి ఖాళీ చేయించే ప్రయత్నం 2020లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఉమ్మడి నివాసంలో స్త్రీకి ఉన్న హక్కును ఈ చట్టంతో తోసివేయరాదని న్యాయస్థానం చెప్పింది.

భిన్నమైన దృష్టి రెండు చట్టాలలో కనిపిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, అధిక సహాయం అవసరమైనవారికి పరిచారక భత్యాన్ని ప్రస్తావించింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలో జ్ఞాపకశక్తి లోపాన్ని కూడా చేర్చి, రోగితో నివసిస్తూ సంరక్షించే వ్యక్తిని "పరిచారకుడు"గా నిర్వచించింది. ఆ వ్యక్తి బంధువైనా కావచ్చు, జీతం తీసుకున్నా తీసుకోకపోయినా కావచ్చు. ఉపస్థాత ఈ విధంగా శాసన భాషలోకి వచ్చాడు.

ఉపసంహారం

2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అంచనా ప్రకారం భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది మతి క్షీణతతో బాధపడుతున్నారు. ఒక్కొక్కరి వెనుక కనీసం ఒక పరిచారకుడు లేదా పరిచారిక ఉంటారనుకుంటే, ఆ రెండవ సంఖ్య మొదటిదాని కంటే చిన్నది కాదు. ఆ సంఖ్య ఏ అంచనాలోనూ తలకెక్కలేదు.

చరకుడు నాలుగు పాదాలలో ఒకటిగా చెప్పిన పరిచారకుడు వలస పాలనలో అనుమానితుడయ్యాడు, మనోవర్తి చట్టాలలో బాకీదారయ్యాడు, ఇటీవలి చట్టాలలో మాత్రమే నిర్వచనం పొందాడు. ధృతరాష్ట్రుని కథ చెప్పినట్టు అన్నవస్త్రాలు ఇచ్చినంత మాత్రాన వృద్ధులకు ఆదరణ దొరకదు. ఆదరించే మనిషికి జ్ఞానం, విశ్రాంతి, గుర్తింపు లేకపోతే ఆదరణ ఎక్కువ కాలం నిలవదు. "చాదస్తం" అన్న మాటకు బదులుగా వ్యాధి పేరు చెప్పగలిగిన ఇంట్లో రోగి మీద కోపం తగ్గుతుంది, పరిచారిక మీద నింద తగ్గుతుంది. ఆ పేరును, దాని వివరణను సామాన్య కుటుంబానికి అందే తెలుగులో చెప్పడం వైద్యులతో పాటు భాషావేత్తల బాధ్యత కూడా.