కమ్యూనిస్టు కన్సాలిడేషన్, సెల్యులర్ జైలు

పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులర్ జైలులో రాజకీయ ఖైదీలు 1935లో ఏర్పరచుకున్న అధ్యయన బృందం. లాహోర్ కుట్ర కేసులో శిక్షపడ్డ విజయ్ కుమార్ సిన్హా, చిట్టగాంగ్ ఆయుధాగార దాడికి చెందిన గణేశ్ ఘోష్, బెంగాల్ యువకుడు హరేకృష్ణ కోనార్ వంటివారు ఇందులో ఉన్నారు. బాంబు, పిస్తోలు నమ్ముకుని వచ్చినవారు ఇక్కడ మార్క్స్‌ను చదివారు.

ఆ పుస్తకాలు ఊరికే రాలేదు. 1933 మేలో మొదలైన నిరాహారదీక్షలో ముక్కు గొట్టాలతో బలవంతంగా పాలు పోసినప్పుడు మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్ర చనిపోయారు. ఆ తర్వాతే గదుల్లో దీపం, చదువుకునే వీలు దక్కాయి. ఖైదీలు చేతిరాత పత్రిక కూడా నడిపారు.

అయితే జైలే వీరిని సోషలిస్టులను చేసిందనడం అతిశయోక్తి. సిన్హాతో సహా భగత్ సింగ్ సహచరులు 1928లోనే ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లాలో తమ సంస్థ పేరులో ‘సోషలిస్ట్’ చేర్చారు. పేరు ముందొచ్చింది, సిద్ధాంతం తీరిగ్గా వచ్చింది.

ఫ్రాన్సులోనూ ఇలాంటి వరసే కనిపిస్తుంది. సమానత్వం కోసం కుట్ర పన్నిన బబూఫ్‌ను 1797లో గిలటిన్‌కు పంపారు. సహచరుడు బ్యునరోటీ 1828లో ఆ కథను గ్రంథంగా వెలువరించాడు. రహస్య దళాల పద్ధతి ఫ్రెంచి విప్లవకారుడు బ్లాంకీ తరానికి అందింది. మార్క్స్, ఎంగెల్స్ 1848 నాటి మేనిఫెస్టోలో బబూఫ్‌ను ప్రస్తావించారు కానీ, కుట్రకు బదులు కార్మికవర్గ ఉద్యమాన్ని నమ్మారు. అండమాన్ ఖైదీల మలుపూ అదే.

సిన్హా 1939లో తన జైలు జ్ఞాపకాలకు పెట్టిన పేరులో అండమాన్‌ను ‘భారతీయ బాస్టిల్’ అన్నారు. తర్వాత హైదరాబాదులో స్థిరపడ్డారు. కోనార్ 1967లో పశ్చిమ బెంగాల్ భూమి, రెవెన్యూ మంత్రి అయ్యారు.