రోగానికి పేరు, పేరుకు సంఖ్య

కళ్లు పచ్చబడి, అన్నం సహించక నీరసించిన మనిషిని చూడగానే తెలుగువారు ‘పచ్చకామెర్లు’ అంటారు. ఇంటివారికి ఆ మాట చాలును, వైద్యశాస్త్రానికి చాలదు. ఎందుకనగా కామెర్లు రోగం కాదు, రోగలక్షణం. కాలేయానికో, పిత్తనాళానికో, రక్తానికో చేటు కలిగినదని అది తెలుపుతుంది గాని, ఆ చేటుకు కారణమేమిటో తెలుపదు. కాలేయాన్ని ముఖ్యంగా బాధించే వైరసులే ఐదు రకాలు ఉన్నవి. కొన్ని కలుషితమైన నీటిద్వారా, కొన్ని రక్తంద్వారా వ్యాపిస్తాయి. ఎ-రకానికి వేసిన టీకా బి-రకాన్ని ఆపలేదు. కనుక డాక్టరు రోగి కాగితంపై ఏ పేరు వ్రాసినాడన్నది చిన్న విషయం కాదు. ఆ పేర్లను క్రమంలో పెట్టే ప్రయత్నానికి మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది.

లండను మరణపట్టికలు

17వ శతాబ్దంలో లండను నగరంలో వారంవారం మరణాల పట్టికలు అచ్చువేసేవారు. ఎవరైనా చనిపోయినపుడు, చర్చి మండలం నియమించిన వృద్ధస్త్రీలు వచ్చి, శవాన్ని చూచి, ఇంటివారిని విచారించి మరణకారణం చెప్పేవారు. వారికి వైద్యవిద్య లేదు. జాన్ గ్రాంట్ అనే బట్టల వర్తకుడు ఇరవై ఏండ్ల పట్టికలను సమకూర్చి 1662లో ఒక గ్రంథం ప్రకటించినాడు. ఆ పట్టికలలో చనిపోయినవారి వయస్సు లేదు. అందువల్ల పిల్లలెందరో రోగాల పేర్లనుబట్టి ఆయన ఊహించవలసివచ్చినది. 2,29,250 మరణాలలో మశూచి, తట్టు మొదలగువాటిని కడుపులోని పురుగులతో సహా కలిపి 12,210గా లెక్కించి, అందులో సగం ఆరేండ్లలోపు పిల్లలవై ఉండునని అనుకొన్నాడు. వైరసు రోగాలు, పురుగులు ఒకే మొత్తంలో చేరినవి! అయినను, పుట్టినవారిలో నూటికి 36 మంది ఆరేండ్లు నిండకుండనే పోతున్నారని ఆయన లెక్కవల్ల తేలినది. పేర్లు సరిగా లేని పట్టికనుండి కూడ ఇంత తెలిసినపుడు, సరియైన పట్టిక ఎంత చెప్పగలదు?

ఫార్, బెర్టిలాన్

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకొన్నవాడు ఇంగ్లండు జననమరణాల నమోదు కార్యాలయంలో పనిచేసిన విలియం ఫార్. ఒకే రోగానికి మూడు నాలుగు పేర్లు, ఒకే పేరు మూడు నాలుగు రోగాలకు వాడుతున్నారని ఆయన 1839లోనే ఎత్తిచూపినాడు. భౌతికశాస్త్రానికి తూనికలు, కొలతలు ఎట్టివో, మరణాల గణనకు రోగాల పేర్లు అట్టివని ఆయన వాదన. 1853లో బ్రస్సెల్సులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ, అన్ని దేశాలకు పనికివచ్చే పట్టిక తయారుచేయవలసినదిగా ఫార్‌ను, జెనీవాకు చెందిన మార్క్ డెస్పీన్‌ను కోరినది. ఇద్దరూ చెరొక పట్టిక తెచ్చినారు. 1855లో పారిస్ సభ రెంటికి రాజీ కుదిర్చి 139 శీర్షికలతో ఒక పట్టికను అంగీకరించినది. తర్వాత ఫ్రాన్సు దేశస్థుడైన జాక్ బెర్టిలాన్ కూర్చిన పట్టిక 1893లో ఆమోదం పొందినది. 1900లో దానికి మొదటి సవరణ జరిగినది. 1948నాటి ఆరవ సవరణనుండి ఈ బాధ్యత ప్రపంచ ఆరోగ్యసంస్థది. అప్పుడే మరణకారణాలతోపాటు, ప్రాణం తీయని రోగాలకు కూడ పట్టికలో చోటు దొరికినది.

పట్టికలో ప్రతి రోగానికి ఒక సంకేతం ఉంటుంది. మశూచి అనినా, పెద్దమ్మవారు అనినా, మరొక భాషలో మరొకటి అనినా, పదవ సవరణలో దాని సంకేతం బి 03. పేర్లు ఎన్ని ఉన్నను లెక్క ఒక్కటే.

ఢిల్లీ కామెర్లు

అయితే, సంఖ్య వేసినంతమాత్రాన రోగం తెలిసినట్లు కాదు. 1955 చివర ఢిల్లీలో యమునానది ప్రవాహం మారి, మురుగునీరు నగరపు మంచినీటి కేంద్రంలోనికి చేరినది. డిసెంబరు, జనవరి నెలలలో సుమారు 29,300 మందికి కామెర్లు వచ్చినవని అంచనా. వైద్యులు దీనిని అంటు కాలేయశోథగా నమోదు చేసినారు. నీటివల్ల వ్యాపించే కాలేయశోథ ఒక్కటే అని తలచిన ఆ రోజులలో మరొక పేరు వ్రాయుటకు ఆధారం లేదు. గర్భిణులలో మరణాలు ఎక్కువగా ఉన్న సంగతిని మాత్రం విడిగా లెక్కించి ఉంచినారు. కొందరి రక్తరసపు నమూనాలను కూడ దాచినారు.

1970ల నాటికి ఎ, బి వైరసులను గుర్తించే పరీక్షలు వచ్చినవి. దాచిన ఢిల్లీ నమూనాలను పరీక్షించగా, ఆ రోగం ఎ కాదు, బి కూడ కాదని 1980లో వెల్లడి అయినది. కాశ్మీరులో 1978లో వచ్చిన కామెర్లను గూర్చి కూడ అదే ఏడు ఇట్టి ఫలితమే ప్రకటితమైనది. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బలయాన్ కొత్త వైరసును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచినాడు. అదే నేటి ఇ-వైరసు. గర్భిణులకు ఇది మిక్కిలి ప్రమాదకరం. పదవ సవరణలో ఎ-రకానికి బి 15, బి-రకపు కొత్త జబ్బుకు బి 16, ఇ-రకానికి బి 17.2 సంకేతాలు ఏర్పడినవి.

పావు శతాబ్దం తర్వాత ఈ తప్పు దిద్దుకొనగలుగుటకు కారణమేమి? ఆనాటివారు పేరు ఒక్కటే వ్రాసి ఊరుకొనలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి వచ్చినదో వ్రాసినారు, నమూనాలు ఉంచినారు.

తెలియనిదానికి ఒక గడి

మంచి పట్టికలో తెలిసినదానికే కాక, తెలియనిదానికి కూడ గడి ఉండవలెను. పదవ సవరణలో, వైరసును గుర్తించిన సాధారణ ఇన్‌ఫ్లుయెంజాకు జె 10, గుర్తించని దానికి జె 11. రకం తేలని వైరసు కాలేయశోథకు బి 19. 2020లో కోవిడ్ వచ్చినపుడు కూడ, పరీక్షలో వైరసు కనబడినవారికి యు 07.1, లక్షణాలనుబట్టి వైద్యుడు నిర్ణయించినవారికి యు 07.2 అని రెండు సంకేతాలిచ్చినారు. రెంటినీ కలిపివేస్తే, పరీక్షలు తక్కువైన ఊరిలో రోగమే తక్కువ అనే భ్రమ కలుగవచ్చును.

2019లో ఆమోదం పొందిన పదకొండవ సవరణ 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. మశూచి లోకంనుండి తొలగిపోయినదని 1980లోనే ప్రకటించినారు. అయినను ఆ తర్వాత తయారైన పదవ సవరణలో బి 03 గడిని తీసివేయలేదు. ఎన్నడైనా ఆ రోగం మరల తలయెత్తితే వ్రాయుటకు చోటుండవలెనని, ఆ గడిని ఖాళీగా అట్లే ఉంచినారు.