అద్దము – అచ్చుబొమ్మ

రాజమహేంద్రవరమున సారంగధర మెట్ట యను చిన్న కొండ కలదు. రాజరాజనరేంద్రుని కుమారుడగు సారంగధరునకు కాలుసేతులు ఖండింపబడిన చోటు అదియే యని జనులు చెప్పుకొందురు. సవతితల్లి చిత్రాంగి మోపిన నింద దీనికి కారణమట. ఇది గాథయే గాని చరిత్ర కాదు. అయినను చిత్రాంగి యనగానే మన కన్నులముందొక సుందరరూపము నిలుచును. ఎవ్వరును చూడని ఆ అందగత్తె మేనిచాయ, కన్నుదీరు, నడుము మనకెట్లు తెలిసినవి? ఆ రూపమును మన మనస్సున గీసిన చేయి ఎవరిది? ఈ ప్రశ్న వెంట నడచినచో, అందమును గూర్చి మన యిండ్లలో పాతుకొన్న తలపుల చరిత్ర కొంత తెలియగలదు.

పూర్వకాలమున సామాన్యుడు అందమును రెండు విధముల నెరిగెడివాడు. ఒకటి, గుడిగోడల శిల్పమును, పురాణశ్రవణమును. రెండవది, ఊరిలో కంటికి కనబడు మనుష్యులు. పురాణములలో నలుపునకు లోటు లేదు. రాముడు నీలమేఘశ్యాముడు. ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనిచాయను బట్టి వచ్చినదే. దేశదేశముల రాజులను స్వయంవరమునకు రప్పించిన సౌందర్యము ఆమెది.

1894లో ఈ స్థితి మారుటకు బీజము పడినది. కిలిమానూరు చిత్రకారుడు రాజా రవివర్మ ఆ సంవత్సరమున బొంబాయిలో రంగుల అచ్చుకూటమును నెలకొల్పెను. జర్మనీనుండి వచ్చిన యంత్రములపై, రంగునకొక రాతి అచ్చు చొప్పున ఒత్తి, లక్ష్మీ సరస్వతులను, శకుంతలా దమయంతులను వేలకొలది ప్రతులుగా దేశముపై వదలిరి. అంతవరకు కోటలలో మాత్రమే యుండిన తైలవర్ణచిత్రము పూజగదికి వచ్చెను. ఇది గొప్ప మేలే. కాని ఆ బొమ్మలతోపాటు పచ్చని మేనిచాయయు, నిండైన ముఖమును, పలు బొమ్మలలో మహారాష్ట్రపు చీరకట్టును వచ్చినవి. దేవత ఇట్లే యుండునని పసితనముననే కంటికి అలవాటైన బిడ్డ, అందమనగా ఇదియే యని తలచుటలో వింత యేమున్నది?

పిమ్మట రంగస్థలము. కులస్త్రీలు నాటకమాడని ఆ దినములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించెడివారు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామగాను, మన చిత్రాంగిగాను ఆంధ్రదేశమును మురిపించిరి. 1956లో పద్మశ్రీ బిరుదమందిరి. మహారాష్ట్రమున బాలగంధర్వుడు వేదికపై కట్టిన చీరకట్టును, పెట్టిన నగలను ఇల్లాండ్రు అనుకరించిరి. ఆలోచింపుడు: పురుషుడు తీర్చిన స్త్రీరూపము స్త్రీలకే మేలుబంతి యయ్యెను!

ఈ ప్రవాహమునకు ఎదురీదిన వాడొకడు మన రాజమహేంద్రవరముననే పుట్టెను. దామెర్ల రామారావు 1897లో జన్మించెను. ఇచ్చటి ఆర్ట్సు కళాశాల ప్రధానాచార్యుడగు ఆస్వాల్డు కూల్డ్రే దొర ఈ బాలుని ప్రజ్ఞను గుర్తించి, అజంతావైపును, చుట్టునున్న గోదావరి జీవితమువైపును ఆతని దృష్టి మరల్చెను. బొంబాయి జే. జే. కళాశాలలో చదువు ముగించి వచ్చిన రామారావు, పరాయి కొలతలు వెదకక, తెలుగు స్త్రీల కట్టుబొట్టులను, నిలుచు తీరును, పూలు ముడుచు సొంపును చిత్రించెను. 1925లో మశూచికమున కన్నుమూయునప్పటికి ఆతనికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. ఆతని చిత్రములను ఈ పట్టణమందలి చిత్రశాలలో చూడవచ్చును. అయితే మూలచిత్రము ఒక్క గోడనే అలంకరించును. అచ్చుబొమ్మ వేయి గోడల నాక్రమించును. ఏ అందము ఎక్కువమంది కన్నులలో నిలుచునో నిర్ణయించునది చిత్రకారుని ప్రతిభ మాత్రమే కాదు, ప్రతుల సంఖ్య కూడ.

అచ్చుబొమ్మ నుండి చలనచిత్రమునకు దూరము స్వల్పము. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను తీసిన ఫాల్కే, అంతకు ముందు రవివర్మ అచ్చుకూటమున పనిచేసిన వాడే. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ స్టూడియోను నెలకొల్పి గోదావరి ఒడ్డుననే చిత్రనిర్మాణమునకు పూనుకొనిరి. 1957లో వచ్చిన ‘సారంగధర’ చిత్రమున చిత్రాంగి భానుమతిగారి రూపమున తెరకెక్కెను. నాటకశాలలో వెనుకవరుసవారికి పాత్రధారి ముఖము మసకగానే కనబడెడిది. తెరపై ఆ ముఖము నిలువెత్తున నిలిచెను. దీపములు, రంగుపూత, కెమెరా కోణము కలిసి కల్పించిన ఆ నునుపును ప్రేక్షకురాలు ఇంటికి పోయి తన అద్దములో వెదకుకొనెను.

ఆ వెదకులాటకు వర్తకుడు వెలకట్టెను. 1941లో లీలా చిట్నీస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించిరి. ఆ సబ్బు ప్రకటనలలో కనిపించిన తొలి భారతీయ తార ఆమెయే. 1975లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనము బజారున కెక్కెను. నల్లని పిల్లకు ఉద్యోగము రాదు, పెండ్లి కాదు. లేపనము పూయగానే రెండును సమకూరును — టెలివిజన్ ప్రకటనల కథ ఇది. మహిళా సంఘములు ఆందోళన చేయగా 2003లో అట్టి ప్రకటనలు కొన్ని తొలగింపబడినవి. 2020లో ఆ పేరులోని ‘ఫెయిర్’ అను మాట కూడ పోయెను. పేరు పోయినంత సులభముగ తలపు పోదు. పెండ్లిచూపులలో “పిల్ల చామనచాయ” అని గొంతు తగ్గించి చెప్పు అలవాటును మన మింకను మానలేదు.

ఇది మన దేశపు మాటయే కాదు. పసిఫిక్ సముద్రమందలి ఫిజీ దీవులలో పుష్టిగల దేహమే సౌభాగ్యచిహ్నముగ నుండెడిది. నద్రోగా ప్రాంతమునకు 1995లో టెలివిజన్ వచ్చెను. ఆన్ బెకర్ అను విదుషి అచ్చటి బాలికలను పరిశీలింపగా, భోజన విషయమున అనారోగ్యకరమైన భయములు గల వారు 1995లో నూటికి 12.7 మంది యుండగా, 1998 నాటికి 29.2 మంది యైరి. మూడేండ్లలో, బడి బాలికల కంచములోనికి బొమ్మ ప్రవేశించినది!

పరాయి బొమ్మనే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. 1933లో నరసాపురమున జన్మించిన బాపు గీతలు మనకెంత ప్రియమైనవో చెప్ప నక్కరలేదు. విశాలమైన కన్నులు, వాలుజడ, సన్నని నడుము — ‘బాపుబొమ్మ’ యను మాట తెలుగున ఒక మెచ్చుకోలైనది. ఆ బొమ్మ మనదే. మన ఏటిగాలి సోకినదే. అయినను ఏ తల్లియైనను ఆ గీతను కొలబద్దగా చేసికొని కూతురి నడుమును చూచినచో, దోషము గీతది కాదు, కొలచు చేతిది. చిత్రకారుడు అందములలో ఒకదానిని చూపును; అదియొక్కటే అందమని తీర్మానించువారము మనమే.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము పలుక నారంభించినప్పుడు, గోదావరి జిల్లాల యిండ్లలోనికి ముఖము లేని గొంతులు వచ్చినవి. పాడినవారు నలుపో తెలుపో ఎవ్వరును అడుగలేదు. పాట బాగున్న విందుము, లేనిచో కట్టివేయుదుము. కంటికి ఆ పాటి న్యాయము నేర్పలేమా?

నేడు చేతిలోని ఫోను, ఫోటో తీయుచుండగనే మేనిచాయను తెలుపు చేయును, దవడను సన్నగించును. పూర్వము అచ్చుబొమ్మ గోడపై నుండెడిది, అద్దము వేరుగ నుండెడిది. పోల్చి చూచుకొని తప్పు తెలిసికొను వీలుండెడిది. ఇప్పుడు అద్దమే అచ్చుబొమ్మ యైనది. కావున ఇంటి పెద్దల బాధ్యత హెచ్చినది. అందముల కొలతలు నూటముప్పది యేండ్లలో ఇన్నిమార్లు మారినవని, మార్చినవారి పేర్లును సంవత్సరములును చెప్పవచ్చునని, మన ఆడపిల్లలకు తెలుపుదము. మనుష్యులు గీసినదానిని మనుష్యులు చెరపవచ్చును. తన ముఖమున లోపమున్నదని కుములు బిడ్డకు ఈ చరిత్ర కొంత ధైర్యము నిచ్చునని మా నమ్మకము.