చెరుకు దీవిలో ఉగాది సెలవు

నిజామాబాద్ జిల్లా వర్నిలో ఉగాదికి బడి మూసేయడం వార్త కాదు. అదే రోజు కన్యాకుమారికి దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల అవతల, హిందూ మహాసముద్రం నడుమ ఉన్న మారిషస్‌లోనూ బడులు, బ్యాంకులు, సర్కారీ కార్యాలయాలు మూతపడతాయి. తెలుగువాళ్లు కోరుకుంటే తీసుకునే ఐచ్ఛిక సెలవు కాదది. ఆ దేశపు సెలవుల చట్టంలో క్రిస్మస్, రంజాన్, చైనీయుల కొత్త సంవత్సరంతో పాటు ఉగాది కూడా ఉంది. భారతదేశమంతటికీ వర్తించని ఉగాది సెలవు అక్కడ దేశమంతటికీ వర్తిస్తుంది.

మారిషస్ అనగానే మనకు గుర్తొచ్చేది కొత్తజంటల విహారయాత్ర, సినిమా పాట, నీలిరంగు సముద్రం. అవన్నీ ఉన్న మాట నిజమే. కానీ ఆ పచ్చదనంలో సగం మన ముత్తాతల కాలపు కూలీల రెక్కల కష్టం. ఆ సెలవు కూడా ఊరికే రాలేదు. పండక్కి పనిమానేస్తే కూలీ డబ్బులు కోసుకున్న నేల మీదే, మూడు నాలుగు తరాలు గడిచాక, పండుగ పేరున దేశం పని ఆపుతోంది. అది ఎలా జరిగిందన్నదే ఈ కథ.

అడుగున అదే నిప్పు

మారిషస్ ప్రధాన దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో సగం కూడా లేదు. ఆ కాస్త నేలలోనే కొండలు, లోయలు, జలపాతాలు, దీవిని చుట్టేసిన పగడపు దిబ్బలు ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 828 మీటర్లు.

దీవి మొత్తం అగ్నిపర్వతాల వల్ల పుట్టింది. ఇక్కడే మనకూ దానికీ ఒక చుట్టరికం కలుస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద లావా పొరలు పరిచిన వేడి బిందువు, సముద్రం అడుగున పనిచేస్తూనే ఉండి, 80–90 లక్షల ఏళ్ల కిందట మారిషస్‌ను పైకి తెచ్చింది. నేడు పక్కనే ఉన్న రీయూనియన్ దీవిలో మండుతున్నదీ అదే. మద్నూర్, జుక్కల్ వైపు పత్తి పండించే నల్లరేగడికి మూలం ఆ లావా రాయే. మారిషస్ చెరుకుతోటల్లో కాలికి తగిలే నల్లరాయీ ఆ నిప్పు నుంచి వచ్చిందే.

దీవికి నైరుతిన షామరెల్ అనే చోట నేల ఏడు రంగుల్లో అలలు అలలుగా ఉంటుంది. నల్లరాయి యుగాల తరబడి నాని, చివికి, మట్టయి, అందులోని ఇనుము, అల్యూమినియం వేర్వేరు రంగులుగా తేలాయి. వాన ఎంత కురిసినా ఆ రంగులు కలిసిపోవు. దగ్గర్లోనే జలపాతం, ఆ పక్కన 1994లో జాతీయవనంగా ప్రకటించిన నల్లనది లోయలు. దీవి సొంత అడవిలో మిగిలిన మంచి ముక్క అదే. మిగతాది నరికి చెరుకు వేశారు.

1598లో డచ్చివారు దిగినప్పుడు ఇక్కడ ఎగరలేని డోడో పక్షి ఉండేది. నూరేళ్లు తిరక్కుండానే ఒక్కటీ మిగల్లేదు. ఆ గతే పట్టబోయిన మారిషస్ డేగ 1974 నాటికి అడవిలో నాలుగే మిగిలితే, కంటికి రెప్పలా పెంచి మళ్లీ వందలకు తెచ్చారు. పాంపుల్‌ముస్ వనంలో ఫ్రెంచివారి కాలంలో పియేర్ పువావ్ర్ నాటించిన సుగంధ ద్రవ్యాల తోట నేటికీ ఉంది. పిల్లవాడు కూర్చున్నా మునగనంత వెడల్పాటి అమెజాన్ కలువాకులు అక్కడి కొలనులో తేలుతుంటాయి.

పర్యాటకులు ఫొటోలు తీసుకునే మరో దృశ్యం ఉంది. చెరుకు చేల మధ్యన, మనిషికన్నా ఎత్తుగా, వరసపేర్చిన నల్లరాళ్ల గుట్టలు. చూడగానే ఏదో పురాతన కట్టడం అనిపిస్తుంది. దగ్గరికెళ్తే గుండ్రాయి మీద గుండ్రాయి, సున్నం లేదు, బంక లేదు. చెరుకు నాటాలంటే ముందు చేనిలో రాళ్లు ఏరాలి. ఒక్కొక్కటే చేత్తో ఎత్తి, మోసుకొచ్చి, గట్టున పేర్చిన కూలీల పని అది. ప్రకృతి అందమని మనం చూసేదాంట్లో ఎంత మనిషి చెమటో ఆ గుట్టలు చెప్తాయి.

కోరంగి రేవు నుంచి

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. అంతకు ముందు పారిపోయిన బానిసలు దాక్కున్న ల మోర్న్ కొండ ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం. రద్దు తప్పదని తెలిసిన తోటల యజమానులు బానిసలు ఇక చెయ్యని పనికి ముందుగానే వేరే చేతులు వెతుక్కున్నారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీలను పోర్ట్ లూయీ రేవులో దించింది. ఆ తేదీ నేడు ఆ దేశంలో మరో జాతీయ సెలవు. 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. అందరూ అక్కడే ఉండిపోలేదు. కొందరిని అక్కడి నుంచే వేరే వలస రాజ్యాలకు పంపారు.

వాళ్లలో తెలుగువాళ్లు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువగా వెళ్లారు. కాకినాడ దాపునున్న కోరంగి అప్పట్లో ఓడలు కట్టే పెద్ద రేవు. అక్కడి నుంచి ఓడెక్కినవాళ్లను దీవిలో కోరంగీలు అన్నారు. 1839 నవంబరులో తుఫాను, దాంతో పొంగిన సముద్రం కోరంగిని ముంచేశాయి. ఆ రేవు మళ్లీ కోలుకోలేదు. మిగిలింది మడ అడవులు, చరిత్ర పుస్తకాల్లో పేరు. కరువు, అప్పు, భూమి లేకపోవడం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత కూడా కడుపు చేతపట్టుకుని జనం ఓడలెక్కుతూనే వచ్చారు.

రేవులో దిగినవారిని రాతిమెట్లెక్కించి డిపోలోకి తోలేవారు. ఆ డిపోనే ఇప్పటి ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఒకటి రెండు రోజులు అక్కడ ఉంచి, ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది మచ్చలు రాసుకుని తోటలకు పంచేవారు. 1860ల నుంచి ఫొటోలూ తీశారు. గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైంది. అప్పడు, అప్పయ్య, సన్యాసి వంటి పేర్లు నేటి మారిషస్ ఓటరు జాబితాల్లో ఇంటిపేర్లుగా కనిపించడానికి కారణం అదే.

ఒకరోజు మానితే రెండు రోజుల కోత

ఒప్పందం మామూలుగా అయిదేళ్లు. మగవాడికి నెలకు అయిదు రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు. చెప్పాపెట్టకుండా ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోసేవారు. దాన్ని ‘డబుల్ కట్’ అనేవారు. జ్వరమొచ్చిందన్నా, ఊళ్లో అమ్మోరికి మొక్కు ఉందన్నా యజమాని దయే. ఆ లెక్కన పండుగ చేసుకోవడం కూలీకి రెండింతల ఖర్చు.

ఒప్పందం ముగిసినవాళ్లకూ తిప్పలు తప్పలేదు. 1867 నుంచి ఫొటో ఉన్న గుర్తింపు చీటీ జేబులో లేకుండా రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుని దేశదిమ్మరి కింద శిక్ష వేయించేవారు. ప్లెవిట్జ్ అనే తెల్లదొర 1871లో కూలీల తరఫున వేలమంది సంతకాలతో అర్జీ పెట్టించాడు. మరుసటి ఏడాది రాజ విచారణ సంఘం వచ్చింది. 1880ల నుంచి నష్టపోయిన తోటల యజమానులు భూమిని చిన్నచిన్న ముక్కలుగా అమ్మడం మొదలుపెట్టారు. పైసా పైసా కూడబెట్టిన కూలీలు వాటిని కొన్నారు. చీటీ మీద నంబరుగా ఉన్నవాడు పట్టా మీద రైతయ్యాడు. 1901లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగొస్తూ గాంధీ కొద్ది వారాలు ఇక్కడ ఆగి, పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని చెప్పి వెళ్లారు. 1907లో న్యాయవాది మణిలాల్ డాక్టర్ వచ్చి కోర్టుల్లో కూలీల పక్షాన నిలబడ్డారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తేదీ దండియాత్ర మొదలైన రోజు కావడం యాదృచ్ఛికం కాదు.

తలకిందులైన రుతువులు

మన పండుగలు మన రుతువులకు పుట్టినవి. ఉగాదికి వేపపూత, మామిడి పిందె. బతుకమ్మకు వానలు తగ్గాక పూసే తంగేడు, గునుగు. మారిషస్ భూమధ్యరేఖకు దిగువన ఉంది. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండాకాలం. జనవరి నుంచి మార్చి దాకా తుఫానుల భయం. 1960 ఫిబ్రవరిలో వచ్చిన కెరోల్ తుఫాను వేల ఇళ్లను నేలమట్టం చేసింది. మామిడి పళ్లు ఏడాది చివర్లో మాగుతాయి. చెరుకు కోత జూన్, జూలైలో మొదలై డిసెంబరుకు ముగుస్తుంది.

అంటే మన వసంతం అక్కడ వేసవి పోయి చలి మొదలయ్యే ముందు రోజులు. సంక్రాంతికి ఇక్కడ పొద్దు పెరుగుతుంటే అక్కడ తరుగుతుంటుంది. చుట్టూ ఉన్న చెట్టూచేమా ఏవీ సాక్ష్యం చెప్పకపోయినా, పంచాంగం చేతపట్టుకుని తిథి తప్పకుండా ఉగాది చేశారు వాళ్లు. ఆరు రుచుల పచ్చడి, తోరణం, కొత్త బట్టలు అన్నీ ఉంటాయి. తోట గంట యజమానిది, కూలీ పుస్తకం యజమానిది. పంచాంగం ఒక్కటే కూలీది. అందుకే దాన్ని వదల్లేదు.

దీవి తెలుగువారి అసలు గుండెకాయ సింహాద్రి అప్పన్న పూజ. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లు కనుక సింహాచలం దేవుడు వెంట వెళ్లాడు. దీవిలో కొండలకు కొదవ లేదు కానీ సింహాచలం కొండ లేదు. కొండ లేకపోతే ఏం, ఇంటి ముందు పందిరి చాలన్నారు. రామభజన ఇంకా గట్టిగా నిలిచింది. పందిరి నడుమ దీపపు సెమ్మె నిలబెట్టి, చుట్టూ గుండ్రంగా తాళాలు వాయిస్తూ, అడుగు కలిపి పాడుతూ తిరుగుతారు. చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష క్రియోల్. పాట మాత్రం తెలుగు. అమ్మోరి పండుగా అంతే, ఇక్కడి పోచమ్మ బోనాలకు దూరపు చెల్లెలు.

భాషకు బడి కూడా తోడైంది. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఎంచుకుని చదవొచ్చు. 1970లో మోకాలో నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థలో పై చదువులూ ఉన్నాయి. 1990 డిసెంబరులో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ దీవిలోనే. శివరాత్రికి మాత్రం భాష తేడా లేదు. అగ్నిపర్వతపు బిలంలో నిండిన గంగా తలావ్ సరస్సుకు భోజ్‌పురీ, తెలుగు, తమిళ కుటుంబాలన్నీ కాలినడకన వస్తాయి. 1898లో కొద్దిమందితో మొదలైన ఆ యాత్రకు ఇప్పుడు లక్షల్లో జనం.

అక్కడి క్యాంపు, ఇక్కడి క్యాంపు

మారిషస్‌లో తోట కూలీల బారకులను క్యాంపులనేవారు. కాంప్ దియాబ్ల్, కాంప్ ద మాస్క్ అని ఊళ్లకు ఆ పేర్లు నేటికీ ఉన్నాయి. వర్ని జనానికి క్యాంపు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు మంజీర నుంచి కాలువల్లో పారగానే, కోస్తా జిల్లాల రైతులు బండ్లలో, రైళ్లలో వచ్చి, క్యాంపులని పిలిచే ఊళ్లు కట్టుకుని ఈ నేలను సాగులోకి తెచ్చారు. 1930ల చివర్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తిరగడంతో వరితో పాటు చెరుకు పెరిగింది. రుద్రూరులో చెరుకు పరిశోధన కేంద్రం వెలిసింది. సంక్రాంతి ముగ్గు బతుకమ్మ వాకిట్లోకి వచ్చింది. బడాపహాడ్ దర్గా మొక్కులు క్యాంపు ఇళ్లకూ అలవాటయ్యాయి.

తేడా చిన్నది కాదు. మారిషస్ కూలీ బతుకు తాకట్టు పెట్టి వెళ్లాడు. ఇక్కడికొచ్చిన రైతు భూమి కొనుక్కోవడానికి వచ్చాడు. తర్వాత చెరుకు రెండు చోట్లా మోసం చేసింది. యూరప్ ఇచ్చే హామీ ధర 2009లో ఆగిపోయేసరికి మారిషస్ పర్యాటకం, ఇతర పరిశ్రమల మీద మరింత ఆధారపడింది. 2015లో బోధన్ ఫ్యాక్టరీకి తాళం పడ్డాక మన రైతులు చెరుకు మానేసి వరికి మళ్లారు.

ఒక్క విషయంలో మాత్రం ఆ దీవి మనకన్నా ముందుంది. కూలీ పారిపోకుండా పట్టుకోవడానికి దొరలు రాసుకున్న నంబర్లు, ఫొటోలు, ఓడల జాబితాలు మోకాలోని సంస్థ భద్రపరిచింది. మనవలు, మునిమనవలు వచ్చి తమ తాత ఏ ఊరి నుంచి ఏ ఏడాది దిగాడో చూసుకుంటున్నారు. కట్టడి కోసం రాసిన కాగితాలే ఇప్పుడు వంశవృక్షాలయ్యాయి. మన క్యాంపులకు ఎవరు ఎప్పుడు వచ్చారు, మొదటి బావి ఎక్కడ తవ్వారు, మొదటి సంక్రాంతి ఏ ఇంటి ముందు చేశారు అన్నది ఎక్కువగా పెద్దల నోట్లోనే ఉంది. నిజాంసాగర్ తొలి నీళ్లు చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. స్వేచ్ఛగా వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవాల్సిన అవసరం ఏ దొరకూ పడలేదు. ఆ పని ఈ వేసవి సెలవుల్లో వర్ని బడి పిల్లలకు అప్పగిస్తే, ఒక్కో ఇంటికి ఒక్కో నోటు పుస్తకం చాలు.