బల్ల కింది ముక్కలు, పిడికెడు బియ్యం

ఇంగ్లండులో మా ఊరి చర్చిలో బుధవారం ఉదయం ప్రభు భోజనానికి పదిమంది వస్తే గొప్ప. ముసలివాళ్లే ఎక్కువ. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ముందు అందరూ కలిసి ఒక చిన్న ప్రార్థన చెబుతారు. మేము రావడం మా యోగ్యత చూసుకుని కాదు, నీ దయ చూసుకుని అని దాని సారాంశం. వాళ్లు దాన్ని పెద్ద ఉద్వేగంతో ఏమీ చెప్పరు, కరెంటు బిల్లు చదివినంత మామూలుగా చెబుతారు. మొదట్లో నాకిది వింతగా ఉండేది. మన వైపు కృప అనగానే కన్నీళ్లు, సాక్ష్యాలు, కంజీరాలు గుర్తొస్తాయి కదా!

ఆ మామూలుతనం వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్. ఈ ప్రార్థన 1548లో ఇంగ్లీషులో వచ్చిన ప్రభు భోజన క్రమంలో మొదట కనిపించింది, మరుసటి ఏడు వెలువడిన ప్రార్థనా గ్రంథంలోకి వెళ్లింది. దేవుని దయ మనసు పొంగినప్పుడే కాదు, పొంగని రోజున కూడా కావాలి కాబట్టి మాటలు ముందే సిద్ధంగా ఉండాలన్నది, నాకు అర్థమైనంతలో, ఆ గ్రంథం పద్ధతి. రాసినవాడికే ఆ అవసరం పడింది. మేరీ రాణి కాలంలో చెరలో ఉండగా భయపడి తన నమ్మకాలు తప్పని సంతకాలు చేశాడు. 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డులో ఆ సంతకాలను అందరి ముందూ కాదని, వాటిని చేసిన కుడిచేతిని ముందుగా మంటలో పెట్టాడు.

ఆ ప్రార్థనలో ఒక పోలిక ఉంది. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఒక అన్యస్త్రీ తన కూతురి కోసం యేసును బతిమాలుతుంది. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం తగదని ఆయన అంటే, బల్ల కింద పడే ముక్కలు అవి తింటాయి కదా అంటుందామె. క్రాన్మర్ ఆ ముక్కల్నే తీసుకుని, వాటికి కూడా మేము తగినవాళ్లం కామని మనచేత చెప్పించాడు.

ఇంగ్లీషు భూస్వామి నోట ఈ మాట రావడం మంచిదే, కాస్త పొగరు దిగుతుంది. కానీ దొర ఇంటి వెనకవైపు నిలబడి ఎంగిలి మెతుకులు గిన్నెలో పట్టుకెళ్లిన మాల, మాదిగ కూలీ నోట ఇదే మాట వస్తే? నువ్వు తగవని ఊరంతా పుట్టినప్పటినుంచీ చెబుతూనే ఉంది. గుడికొచ్చి మళ్లీ అదే చెప్పాలా?

ఈ ప్రశ్న ఊహించి వేసింది కాదు. ఆంగ్లికన్ సి.ఎం.ఎస్. మిషనరీలు 1841లో బందరు చేరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి తమిళుడు, నాడార్ కుటుంబీకుడు; గుళ్లోకి రానివ్వని కులంవాళ్ల బాధ ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తెలుగు నేర్చుకుని వచ్చాడు. నిజాం రాజ్యపు రైల్వే జంక్షన్ అయిన దోర్నకల్ చుట్టూ ఆయన సంఘంలో చేరినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగలే.

చదువు రానివాళ్లకు పుస్తకం ఏం పనికొస్తుంది? అందుకని పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్పేవాళ్లు. పగలంతా పొలంలో ఉన్నవాళ్లకు దొరికేది సాయంత్రమే. బాప్తిస్మం పొందినవాళ్లచేత తమ చేతులు తమ తలమీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థం వచ్చే మాటలు అజరయ్య చెప్పించేవాడట. నాకు ఇక్కడ నచ్చింది ఆ చేయి. తాకితే మైలపడతామని ఊరు దూరం పెట్టిన తల అది.

నా ప్రశ్నకు జవాబు ఆ ప్రార్థనలోని "మేము" అన్న మాటలో ఉందనుకుంటాను. తగనివాళ్లం అని కూలీ ఒక్కడే చెప్పడం లేదు, బిషప్పూ చెబుతున్నాడు, తెల్ల మిషనరీ కూడా చెబుతున్నాడు. ఆ తర్వాత గిన్నె ఒకటే. ఒకరింట ఒకరు నీళ్లు తాగని మాల, మాదిగలు అదే గిన్నె నుంచి తాగాలి. అంతటితో కులం పోయిందా అంటే పోలేదు, చర్చి లోపలే మాల, మాదిగ తగాదాలు చాలాకాలం నడిచాయి. కృప ఒక్క ఆదివారంలో ఇంత పని చేస్తుందని క్రాన్మర్ కూడా అనుకుని ఉండడు, అందుకే ప్రతిసారీ చెప్పమన్నాడేమో.

ఇంకో సంగతి. కృప ఉచితమైతే మనం ఇవ్వాల్సిందేమీ లేదా? అజరయ్య ఇక్కడ గట్టిగానే ఉండేవాడు. మిషన్ డబ్బుతో బతికే సంఘం ఆయనకు నచ్చేది కాదు. మురికి, రోగం, అప్పు, తాగుడు ఆయన లెక్కలో నాలుగు దయ్యాలు. దక్షిణాది సంఘాల్లో వంటకు బియ్యం తీసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు దేవుడి కుండలో వేసే అలవాటుంది. అది కొనుగోలు కాదు. ఎంగిలి మెతుకులు పుచ్చుకోవడమే తప్ప ఎరగని ఇంటివాళ్లు ఇచ్చేవాళ్లయ్యారు. కోత పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు మోసుకొచ్చేవాళ్లు.

దోర్నకల్ కెథెడ్రల్ పాతికేళ్లు పట్టి పూర్తయింది. గుమ్మటాలూ మినార్లూ చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే మండపం. దాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అది ఎపిఫనీ పండుగ, అన్యదేశపు జ్ఞానులు బెత్లెహేము వచ్చిన రోజు. గుడి పేరూ అదే. ఆరేళ్లకు, 1945 జనవరి 1న, అజరయ్య పోయాడు. ఆ గుడి పక్కనే సమాధి. ఆయన ఎదురుచూసిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా వచ్చింది. అది తయారుచేసుకున్న కొత్త ఆరాధన క్రమంలో కూడా ఆ బల్ల ముందరి ప్రార్థనను ఉంచుకున్నారు.

మా బుధవారం పదిమందిలో కేరళ నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉంది. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వస్తుంది. సగం నిద్రలో ఆ మాటలు చెప్పి, చేయి చాచి, రొట్టె తీసుకుని ఇంటికి పోతుంది.